ఊరు లేని కథానాయకుడు: బొంబాయి ముఠాల చరిత్ర – మన కథనం

1

ముఠాల చరిత్ర పోలీసు శాఖకూ పత్రికల నేరవార్తల పేజీకీ సంబంధించినది కదా, దానితో సాహిత్య విమర్శకేం పని అని మిత్రులు కొందరు అడగవచ్చు. పని ఉంది. మన యువతరానికి బొంబాయి మహానగరం గురించి తెలిసిన కాస్త చరిత్రా ముఠాల చరిత్రే. ఆ రేవును ఎవరు కట్టారో, ఆ మిల్లుల్లో ఎవరు బట్ట నేశారో వాళ్లకు తెలియదు. ఆ నగరాన్ని ‘ఏలిన’ నలుగురైదుగురి పేర్లు మాత్రం వరసగా చెప్పగలరు. ఒక శ్రామిక నగరం చరిత్ర ప్రజలకు ఈ రూపంలో అందుతున్నప్పుడు ఆ రూపాన్ని పరీక్షించడం విమర్శకుడి బాధ్యత. వస్తువు ఎంత ముఖ్యమో దాన్ని ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదీ అంతే ముఖ్యమని మనం ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాం. ఆ మాటను ఈ విషయానికి వర్తింపజేయడంలో ఆలస్యం చేశాం.

నేను తాడ్వాయిలో పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. మా కామారెడ్డి ప్రాంతంనుంచి బొంబాయికి బతకపోవడం కొత్త కాదు. 1995లో ఆ నగరం పేరు ముంబయిగా మారినా మా పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అది బొంబాయే. కామారెడ్డి స్టేషనులో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి అక్కడ దిగవచ్చు. ఒకసారి తొమ్మిదో తరగతికి ‘నేను చూడాలనుకునే నగరం’ అని వ్యాసం ఇచ్చాను. ఒక కుర్రవాడు బొంబాయి గురించి రాశాడు. సముద్రం, రాత్రి దీపాలు, నల్ల కారు, కారు దిగిన మనిషి వెనక పదిమంది. భాష బాగుంది. ఆ పిల్లవాడి తాత పదకొండేళ్లు బొంబాయిలో ఇటుకలు మోసి వచ్చినవాడని తర్వాత తెలిసింది. “మీ తాత అక్కడ ఏం పనిచేసిండురా?” అని అడిగితే, “ఏమో సార్, నేనెప్పుడు అడగలే” అన్నాడు.

ఆ పెద్దమనిషిని నేనే పోయి అడిగాను. “తాతా, బొంబాయిల భాయిలను చూసినవా?” ఆయన కాసేపు ఆలోచించాడు. “భాయి అంటే ఎవ్వడు సారూ? వారం వారం పైసలు గుంజుకపొయ్యెటోడే గదా. పొద్దుగాల నాకా మీద నిలబడాలె. ముకద్దంకు ఇంత, పండుకునే జాగకు ఇంత, భాయి మనిషికి ఇంత. మిగిలింది మనది.”

ఒకే ఇంట్లో రెండు బొంబాయిలున్నాయి. మనుమడి బొంబాయిలో భాయి ఒక వ్యక్తిత్వం. తాత బొంబాయిలో భాయి ఒక కోత, కూలి డబ్బుల్లోంచి వారం వారం పోయే వాటా. తాత అనుభవం మనుమడికి అందకుండా మధ్యలో అడ్డుపడినదేమిటి? ఈ వ్యాసానికి వస్తువు ఆ ప్రశ్నే.

2

ముందుగా చరిత్ర చూద్దాం. బొంబాయి ముఠాలమీద వచ్చిన రచనలు చాలావరకు వ్యక్తుల వరసగా నడుస్తాయి: మొదట హాజీ మస్తాన్, కరీంలాలా, వరదరాజన్, తర్వాత దావూద్ ఇబ్రహీం, ఆ తర్వాత అతన్ని వదిలి వెళ్లినవాళ్లు, అతనితో తలపడినవాళ్లు. రాజవంశాల చరిత్రను మనం బడిలో చదువుకున్న పద్ధతే ఇది. హుస్సేన్ జైదీ 2012లో వెలువరించిన ‘డోంగ్రీ టు దుబాయ్’ నేరవార్తల విలేకరి శ్రమకు గొప్ప సాక్ష్యం. దాని విలువను తగ్గించనక్కర్లేదు. ఐతే ఆ పుస్తకంలోని ఆరు దశాబ్దాలూ మనుషుల పేర్ల చుట్టూనే తిరుగుతాయి. ఆ పేర్లను కాస్త పక్కన పెట్టి, అదే కాలాన్ని ప్రభుత్వ చట్టాల తేదీలతో చదివితే వేరొక చరిత్ర కనబడుతుంది.

1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. తాగడం ఆగలేదు. సారా మురికివాడల వెనక బురదల్లోకి మారింది, దాని ధర పెరిగింది. పెరిగిన ధరలో పోలీసు వాటా, రవాణా వాటా, రాజకీయ వాటా ఏర్పడ్డాయి. తూత్తుకుడినుంచి వచ్చి విక్టోరియా టెర్మినస్‌లో మూటలు మోసిన వరదరాజన్ ముదలియార్ ఆ సారా వ్యాపారంలోంచే పైకి వచ్చాడు. చట్టం లేకపోతే ఆ వ్యాపారం లేదు. వ్యాపారం లేకపోతే ఆ ‘నాయకుడు’ లేడు.

తర్వాత బంగారం. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగ 14 కారెట్లు మించకూడదన్నారు. 1968లో పూర్తి చట్టం చేశారు. కడ్డీ బంగారం మామూలు మనిషి దగ్గర ఉండటమే నేరమైంది. దేశమంతటా కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి. అదే సమయంలో దుబాయి ధరకూ బొంబాయి ధరకూ మధ్య ఉన్న తేడా అరేబియా సముద్రంమీద పడవలు నడిపించింది. రామనాథపురం ప్రాంతంనుంచి వచ్చి బొంబాయి రేవులో కూలి చేసిన మస్తాన్ ఆ పడవల మీదినుంచే హాజీ మస్తాన్ అయ్యాడు. ఒకడు రైల్వే కూలి, మరొకడు రేవు కూలి. ఇద్దరూ 1926లో పుట్టినవాళ్లే. వాళ్లతోపాటు అవే మూటలు మోసిన వేలమంది ఏమయ్యారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇక్కడ ఒక విషయాన్ని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేచాయి. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల కూలీలు బొంబాయి ఏజెంట్ల చేతుల మీదుగా దుబాయికీ మస్కట్‌కూ వెళ్లారు. బ్యాంకుకు పోవడానికి తీరికా, కాగితాలూ, చదువూ లేని మనిషి తన దిర్హాములను హవాలా వ్యాపారి చేతిలో పెట్టాడు. ఆ దిర్హాములతో అక్కడే బంగారం కొన్నారు. బంగారం దొంగచాటుగా బొంబాయి చేరి అమ్ముడుపోయింది. వచ్చిన రూపాయల్లోంచి ఇక్కడ పల్లెలో ఆ మనిషి భార్యకు డబ్బు అందింది. ఎవరో తెలియని మనిషి గుమ్మంలోకి వచ్చి నోట్లు లెక్కపెట్టి ఇచ్చిపోయాడు. అంటే ఆ దొంగబంగారం వెనక ఉన్న పెట్టుబడిలో ఒక భాగం మన కూలీల చెమట. ముఠాల చరిత్ర ఎక్కడో సముద్రపు ఒడ్డున జరిగింది, మన మెట్ట పల్లెలకు దానితో సంబంధం లేదనుకోవడం పొరపాటు.

మూడో మలుపు మిల్లులు. 1982 జనవరి 11న వడాలాలో మాన్యా సుర్వేను పోలీసులు కాల్చి చంపారు. బొంబాయి పోలీసుల మొదటి ‘ఎన్‌కౌంటర్’గా దాన్ని చెప్పుకుంటారు. దానిమీద సినిమా వచ్చింది. సరిగ్గా వారం తర్వాత, జనవరి 18న, దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఈనాటికీ ఎవరూ లాంఛనంగా ప్రకటించలేదు. మిల్లులు మాత్రం ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఒకే నెలలో ఒకే నగరంలో జరిగిన ఈ రెండు సంఘటనల్లో మన పిల్లలకు తెలిసింది మొదటిదే.

1990లో బంగారం నియంత్రణ చట్టం రద్దయింది. 1992లో విదేశాలనుంచి వచ్చేవారు సుంకం కట్టి ఐదు కిలోల దాకా బంగారం తెచ్చుకోవడానికి అనుమతి దొరికింది. దొంగబంగారంలో లాభం పడిపోయింది. ఐతే 1991 నాటి నగరాభివృద్ధి నిబంధనలు మిల్లు భూముల అమ్మకానికి దారి తీశాయి. బంగారం పోయి భూమి వచ్చింది. లాభం ఎటు జరిగితే తుపాకులు అటు జరిగాయి. 1994లో మిల్లు యజమాని సునీత్ ఖటావ్ హత్య జరిగింది. 1997 జనవరి 16న దత్తా సామంత్‌ను కాల్చి చంపారు. యజమాని, కార్మిక నాయకుడు ఇద్దరూ కిరాయి తుపాకులకే బలికావడంలోని అర్థాన్ని మిల్లు భూములనుంచి విడదీసి చూడలేం.

1992 డిసెంబరు, 1993 జనవరి మతకలహాల్లో సుమారు తొమ్మిది వందలమంది చనిపోయారు. 1993 మార్చి 12 పేలుళ్లలో 257 మంది చనిపోయారు. ఆ పేలుళ్లకు పథకం వేసినవారిని చరిత్ర క్షమించదు, క్షమించకూడదు. కాగా అప్పటిదాకా లాభం తప్ప మతం చూడని ముఠాలకు పత్రికలు మతాల పేర్లు పెట్టడం ఆ తర్వాతే జోరందుకుంది. ఒకడు ‘హిందూ డాన్’ అయ్యాడు, మరొకడు దేశద్రోహి అయ్యాడు. వసూలు చేసేవాడు వసూలు చేస్తూనే ఉన్నాడు. కూలివాడి వారం డబ్బుల్లో కోత మతం మారలేదు.

ఈ చరిత్రలో ప్రతి మలుపుకూ రెండు ముఖాలున్నాయి. లాభానికి చట్టం దారి చూపింది, దానికి కావలసిన మనుషులను పనిలేనితనం ఇచ్చింది. నాయకుడు ఆ తర్వాత వచ్చాడు. దీన్ని యాంత్రికంగా అర్థం చేసుకోకూడదు. పేదరికం నేరస్థుణ్ణి తయారుచేస్తుందనడం పేదవాణ్ణి అవమానించడమే. సమ్మెలో ఓడిపోయిన వాళ్లలో అత్యధికులు తుపాకి పట్టలేదు. కొంకణ పల్లెలకు తిరిగి వెళ్లారు, కూరగాయలు అమ్మారు, మేడల ముందు వాచ్‌మన్లుగా కూర్చున్నారు. తుపాకి పట్టిన కొద్దిమందికి ఇతిహాసం దొరికింది, పట్టనివాళ్లకు ఒక వాక్యం కూడా దొరకలేదు.

3

ఇప్పుడు ఈ చరిత్ర మన తెరమీదికి ఎలా వచ్చిందో చూద్దాం. మన రచనకంటే ముందు మన సినిమాయే దీన్ని చేపట్టింది కాబట్టి విమర్శ అక్కడినుంచే మొదలుకావాలి.

1987లో తమిళంలో వచ్చిన మణిరత్నం చిత్రం తెలుగులో ‘నాయకుడు’గా చూశాం. వరదరాజన్ జీవితం ఛాయలున్న కథ. అందులో ఒక సంగతి చాలామంది గమనించి ఉండరు. కథానాయకుడి తండ్రి కార్మిక సంఘం నాయకుడు. పోలీసులు ఆయన్ను కాల్చి చంపుతారు. అంటే సంఘం నాయకుడి కొడుకు సముద్రం దొంగరవాణా నాయకుడవుతాడు. బొంబాయి చరిత్ర సారాంశమంతా ఆ ఒక్క మార్పులోనే ఉంది. కానీ చిత్రం దాన్ని మొదట్లోనే దాటేసి, పెద్దమనిషి దయ, కన్నీరు, కుటుంబం వైపు వెళ్లిపోయింది. సంఘం ఎందుకు ఓడింది, ‘అయ్య’ ఎందుకు గెలిచాడు అన్న ప్రశ్న లేదు. ఐనా ఆ కథానాయకుడికి ఒక ఊరుంది, ఒక భాష ఉంది, తనలాగే వలసవచ్చిన జనం ఉన్నారు. ఆ మేరకు అది మెరుగు.

1998 జూలైలో ‘సత్య’ వచ్చింది. రాంగోపాల్ వర్మ తెలుగువాడు. కథానాయకుడి వేషం వేసిన చక్రవర్తి తెలుగువాడు. హిందీలో తీసినా తెలుగులోనూ ఆడింది. నిజాయితీగా ఒప్పుకోవాలి: అంతకుముందు ముఠా కథల్లో లేని నిజం దానిలో చాలా ఉంది. వానలో తడిసిన గల్లీలు, ఇరుకు ఇళ్లు, పెళ్లాంతో కొట్లాడి అన్నం తినే భీఖూ మ్హాత్రే. బిల్డరుకూ ముఠాకూ ఎన్నికల్లో నిలబడే భావూకూ ఉన్న లంకెనూ చూపించింది. గెలిచిన నాయకుడు తన మనిషినే చంపేయడమూ చూపించింది. ఆ రోజుల్లో నేను కామారెడ్డిలో ఇంటర్ చదువుతున్నాను. తర్వాత డిగ్రీలో కాలేజీ గోడపత్రికలో ఆ చిత్రాన్ని ‘వాస్తవికతకు పరాకాష్ఠ’ అని రాశాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఎందుకంటే ఆ చిత్రంలో ఒక్క ప్రశ్నకు జవాబు లేదు. సత్య ఏ ఊరివాడు? రైలు దిగి నగరంలోకి వచ్చిన ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడు? ఎందుకు వచ్చాడు? వెనక అప్పుందా, పొలం ఉందా, ఉత్తరం రాయడానికి చిరునామా ఉందా? చిత్రం చెప్పదు. మరచిపోయి కాదు, చెప్పకూడదని నిర్ణయించుకునే చెప్పలేదు. గతం లేకపోవడమే అతనికి ఆకర్షణ. విమర్శకులు దాన్ని శిల్పంగా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఐతే మిత్రులారా, ఊరు లేకుండా బొంబాయికి పోయిన మనిషిని ఎవరమైనా చూశామా? మా ప్రాంతంనుంచి పోయిన ప్రతి మనిషి వెనకా ఎండిపోయిన బోరు ఉంది, వడ్డీ లెక్క ఉంది, పిల్ల పెళ్లి ఉంది. అతను బొంబాయిలో దిగగానే ముందు వెతికేది తన ఊరివాళ్లు పండుకునే గది. ఊరు తెలిస్తే మనిషి ఎందుకు వచ్చాడో తెలుస్తుంది. ఎందుకు వచ్చాడో తెలిస్తే ఎవరు పంపారో అడగవలసి వస్తుంది. ఊరును తుడిచేస్తే ఆ ప్రశ్నలన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. మిగిలేది ఒక మనిషి స్వభావం, అతని కోపం, అతని ధైర్యం, అతని ప్రేమ. గల్లీ గోడమీది పాకురు వరకూ నిజంగా ఉండి, మనిషి మాత్రం చరిత్రలోంచి ఊడిపడినట్టు ఉంటే దాన్ని వాస్తవికత అనలేం. పరిసరాల్లో వాస్తవికత, పాత్రలో పురాణం: ఇదే ఆ చిత్రం సాధించిన శిల్పం. అందుకే అది అంత బలంగా నాటుకుంది.

2002లో ‘కంపెనీ’లో వర్మ మరో అడుగు వేసి, ముఠా అంటే లాభం కోసం నడిచే వ్యాపారమని చెప్పాడు. సరైన మాటే. కానీ వ్యాపారమని చెప్పి భాగస్వాముల తగాదాను చూపించాడు. ఆ లాభం ఎవరి జేబులోంచి వస్తుందో చూపించలేదు. 2012 సంక్రాంతికి పూరి జగన్నాథ్ ‘బిజినెస్‌మేన్’ వచ్చేసరికి చరిత్ర మరీ తలకిందులైంది. ముంబయిలో మాఫియా అంతరించిందని పోలీసు కమిషనరు ప్రకటించాక, దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి తెలుగు యువకుడు రైలు దిగుతాడు. ఇక్కడ ముఠా ఒక ఉద్యోగం, ఒక ఆశయం. తొమ్మిదో తరగతి కుర్రవాడి వ్యాసంలోని నల్ల కారు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

కళాకారుణ్ణి చరిత్ర పాఠం చెప్పమని అడగవచ్చా అని కొందరంటారు. పాఠం అడగడం లేదు. తీసుకున్న వస్తువులోనే ఉన్న మనుషులను చూడమంటున్నాం. దోపిడీ కథ చెబుతూ దోపిడీకి గురైనవాణ్ణి తెర బయట నిలబెట్టడం కళా స్వేచ్ఛ కాదు, పక్షపాతం.

4

ఇలా చూడటం మన సాహిత్యానికి చేతకాని పనా? కాదు. రావిశాస్త్రి 1960ల నాటికే చేసి చూపించారు. విశాఖపట్నం కూడా సముద్రపు ఒడ్డు నగరమే. అక్కడా మద్యనిషేధం ఉండేది, సారా ఉండేది, పోలీసు వాటా ఉండేది. బొంబాయిలో వరదరాజన్లను తయారుచేసిన ముడిసరుకంతా అక్కడ చిన్న ఎత్తున ఉంది. స్వయంగా వకీలైన రావిశాస్త్రి దానిలోంచి ‘నాయకుణ్ణి’ ఏరుకోలేదు. కోర్టు వరండాలో నిలబడ్డవాళ్లను ఏరుకున్నారు. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథలో సారా కేసులో పట్టుబడ్డ ముత్యాలమ్మ, కొత్త వకీలుకు లోకం ఎలా నడుస్తుందో విప్పి చెబుతుంది. నేరం ఎవరిదో, దానిమీద బతుకుతున్నవాళ్లెవరో ఆమెకు తెలిసినంతగా నల్లకోటు వేసుకున్నవాడికి తెలియదు. చట్టమనేది కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉన్న సరుకని ఆమె బతుకే చెబుతుంది.

మా తాడ్వాయి తాత మాటనూ ముత్యాలమ్మ మాటనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ముఠాను మనిషిగా చూడలేదు, వాటాగా చూశారు. ఒకరిది ఉత్తరాంధ్ర నుడి, మరొకరిది తెలంగాణ నుడి. దృష్టి ఒకటే. రావిశాస్త్రి మనకిచ్చిన ఈ దృష్టి విశాఖ కోర్టు దాటి బొంబాయి రేవుకు పోలేదు. వర్మా, ఆయన వెనక వచ్చినవాళ్లూ ఆ ఖాళీలోకి వచ్చారు. వాళ్లను తిట్టేముందు ఖాళీని ఉంచిన మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

మరాఠీ రచయితలు ఏం చేశారో చూస్తే మన లోటు ఇంకా స్పష్టమవుతుంది. నామ్‌దేవ్ ధసాళ్ ‘గోల్‌పిఠా’ 1972లో వచ్చింది. అదే ఏడు దళిత్ పాంథర్స్ పుట్టింది. కామాఠీపురా పరిసరాల పాపమంతా, చీకటంతా ఆ కవిత్వంలో ఉన్నా అందులో ఒక్క డాన్‌కూ పీట వేయలేదు. జయంత్ పవార్ నాటకం ‘అధాంతర్’ 1997లో వచ్చింది. మిల్లు మూతబడిన తర్వాత ఒక కార్మిక కుటుంబం ఎలా విరిగిపోయిందో చెప్పిన నాటకం అది. ఆ ఇంటి కొడుకుల్లో ఒకడు ముఠాలోకి పోతాడు. ఇక్కడ ముఠా మనిషి కథానాయకుడు కాడు, ఆ ఇంట్లో నలుగురిలో ఒకడు. అతనికి తల్లి ఉంది, ఇల్లు ఉంది, ఆ ఇంటికి ఎదురుగా మూతబడ్డ మిల్లు ఉంది. అతను ఎక్కడినుంచి వచ్చాడని ప్రేక్షకుడు అడగనక్కర్లేదు, తెర లేచినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు. మీనా మీనన్, నీరా అడార్కర్ కలిసి మిల్లు కార్మికుల నోటి మాటలనే వంద గొంతుల చరిత్రగా 2004లో తెచ్చారు. అటువంటి పని మనకు లేదు.

ఉండవలసిన బాధ్యత మనకే ఎక్కువ. కామాఠీపురా అనే పేరులోని కామాఠీలు ఎవరు? పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి నిజాం రాజ్యపు పల్లెలు వదిలి పోయి, బొంబాయి దీవుల మధ్య బురద పూడ్చి, రాళ్లు మోసి, ఇళ్లు కట్టిన తెలుగు కూలీలు. జోతిబా ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో ఈ తెలుగువాళ్లున్నారు. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు ఆ మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 సమ్మెలో వాళ్లూ రోడ్డున పడ్డారు. ఇంత చరిత్ర ఉన్న పేరును ఈనాడు మన యువకుల ముందు పలికితే ముసిముసిగా నవ్వుతారు. వాళ్లకు తెలిసింది ఆ గల్లీల్లో ఆడవాళ్ల శరీరాలు అమ్ముడుపోయిన కథే. నగరాన్ని కట్టినవాళ్ల పేరు చివరికి ఒక వెకిలి నవ్వుగా మిగలడం కంటే చరిత్రకు జరిగే అన్యాయం ఏముంటుంది?

ఎవరూ రాయలేదని నేననను. బొంబాయిలోనే ఉండి అంబల్ల జనార్దన్ ‘బొంబాయి కథలు’ రాశారు. సంగెవేని రవీంద్ర వంటివారు అక్కడి తెలుగు వలస బతుకును కవిత్వంలోకి తెచ్చారు. గల్ఫ్ గోసమీద మా జిల్లాల్లో పాటలు పుట్టాయి. కానీ ఈ రచనలు మన విమర్శలో చర్చకు రాలేదు, మన పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. ‘సత్య’మీద మనం మాట్లాడుకున్నంతగా వీటిమీద మాట్లాడుకోలేదు. రచయితల లోటు కొంతైతే విమర్శకుల లోటు అంతకు మించి ఉంది.

5

చివరగా మరొక విషయం. ముఠా కథలు మన భాషలో ఒక మాట అర్థాన్నే మార్చేశాయి. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట తెలుగు నేలమీద ఏ అర్థంలో పుట్టిపెరిగిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం రోజులనుంచి ఆ మాట వినపడితే మనవాళ్లు శవపంచనామా అడిగారు, న్యాయవిచారణ అడిగారు. 1990లలో బొంబాయి ముఠాలమీద పోలీసు కాల్పులు పెరిగాక, ఎంతమందిని చంపాడన్న లెక్కతో అధికారులు పేరుమోశారు. ఆ లెక్క సినిమా అయింది. అదే మాటకు ఇప్పుడు మా బడి పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఊరు లేని నేరస్థుణ్ణి తయారుచేసిన కథే, విచారణ అక్కర్లేని చావునూ తయారుచేసింది. చచ్చినవాడికి ఊరుంటే ఆ ఊళ్లో అతనికోసం ఏడ్చే మనిషి ఉంటుంది. ఊరే లేకపోతే చప్పట్లకు అడ్డేముంది? ఈ రెండూ ఒకే కథన పద్ధతి ఫలితాలని గుర్తించకపోతే మనం సగమే చూసినట్టు.

అందువల్ల రచయిత మిత్రులకు నా విన్నపం ఒకటే. ముఠాలమీద రాయొద్దని కాదు, రాయండి. అది మన కాలపు పెద్ద వస్తువుల్లో ఒకటి. ఐతే నాయకుడి గదిలోంచి కాక నాకా మీదినుంచి రాయండి. సారా అమ్మినామె వైపునుంచి, హవాలా మనిషి గుమ్మంలో నిలబడి నోట్లు లెక్కపెడుతుంటే చూసిన ఇల్లాలి వైపునుంచి, మిల్లు గేటు బయట బీడీ కాల్చుకుంటూ నిలబడ్డవాడి వైపునుంచి రాయండి. సాహిత్య విద్యార్థులకు ఇంకో పని ఉంది. మన ఊళ్లలో బొంబాయి, దుబాయి చూసివచ్చిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఎన్నాళ్లుంటారో తెలియదు. వాళ్ల మాటలు వాళ్ల నుడిలోనే రాసిపెట్టండి.

ఆ తొమ్మిదో తరగతి కుర్రవాడితో నేను ఆ వ్యాసం మళ్లీ రాయించాను. కొట్టివేయలేదు, మార్కులు తగ్గించలేదు. ఇంటికి పోయి మీ తాతను నాలుగు ప్రశ్నలు అడిగి రమ్మన్నాను. రెండోసారి రాసిన దానిలో సముద్రం లేదు. తాత పదకొండేళ్లలో సముద్రాన్ని రెండుసార్లే చూశాడట. పొద్దున నాకా మీద నిలబడితే ఎన్ని గంటలకు పని దొరికేదో ఉంది. పదహారుమంది ఒక గదిలో వంతులవారీగా పండుకోవడం ఉంది. వారానికి ఎంత వచ్చేదో, ఎవరెవరికి ఎంత పోయేదో కూడికలూ తీసివేతలూ ఉన్నాయి. మొదటి వ్యాసంలో ఉన్నంత మంచి భాష దీనిలో లేదు. కానీ దీనిలో మనిషికి ఊరుంది.